నాలుగంగుళాల లెన్సుకు అయిదు లక్షలు: ఎవరికి దండగ, ఎవరికి కాదు

2023 జనవరిలో ఆకాశం ఫొటోలు తీసేవాళ్ళ లోకంలో పెద్ద కలకలమే రేగింది. ఆండ్రోమెడా గెలాక్సీ పక్కన అంతవరకూ ఎవరి కంటా పడని ఓ వాయుచాపం ఉందని మార్సెల్ డ్రెక్స్‌లర్, గ్జావియే స్ట్రోట్నర్, యాన్ సాంతీ అనే ముగ్గురు ఔత్సాహికులు, కొందరు శాస్త్రవేత్తలతో కలిసి ప్రకటించారు. ఆండ్రోమెడా అంటే మారుమూల వస్తువేమీ కాదు. కెమెరా చేతికొచ్చిన ప్రతివాడూ మొదట గురిపెట్టేది దానికే. హబుల్ అంతరిక్ష టెలిస్కోపు దాన్ని ముక్కలు ముక్కలుగా తీసి అతికించింది. అలాంటి దాని పక్కనే ఒకటిన్నర డిగ్రీల పొడవున, అంటే మూడు నిండు చందమామలను వరసగా పేర్చినంత మేర, చాపం ఒకటి ఇన్నాళ్ళూ ఎవరికీ దొరక్కుండా ఉంది! అది నిజంగా ఆండ్రోమెడాకి చెందిందా, మన పాలపుంతలోనిదా అన్న చర్చ తరవాత నడిచింది, అది వేరే సంగతి. నాకు ఆసక్తి కలిగించింది దాన్ని పట్టిన పరికరం.

అది తకహాషి ఎఫ్‌ఎస్‌క్యూ-106. జపాన్‌లో తయారయ్యే రిఫ్రాక్టర్, అంటే లెన్సులతో పనిచేసే టెలిస్కోపు. ముందున్న లెన్సు వెడల్పు 106 మిల్లీమీటర్లు, నాలుగంగుళాల పైన ఓ పిసరు. ఫోకల్ లెంగ్త్, అంటే స్థూలంగా లెన్సు నుంచి బొమ్మ ఏర్పడే చోటుకు దూరం, 530 మిల్లీమీటర్లు. ధర మన రూపాయల్లో అయిదు లక్షలు దాటుతుంది. అందులో మౌంట్ (టెలిస్కోపును పట్టుకుని చుక్కల వెంట తిప్పే పీఠం) రాదు, కెమెరా రాదు, ట్రైపాడ్ కూడా రాదు. ఒట్టి గొట్టం.

ఈ మాట చెప్పగానే వచ్చే ప్రశ్న నాకు కంఠతా వచ్చేసింది: అంత డబ్బు పోసి నాలుగంగుళాలేనా? నా దగ్గరున్నది దీనికంటే ఒక మెట్టు కింది రకం, అయినా ఆ ప్రశ్న నన్నూ వదలదు. నా జవాబు ఇది. కంటితో చూడటానికైతే ఆ డబ్బు దండగే, మొహమాటం లేకుండా దండగ. ఫొటోలు తీయడానికైతే దండగ కాదు. కాకపోతే, మొదట ఖర్చు పెట్టాల్సిన చోటు మాత్రం అది కాదు.

కంటి సంగతి ముందు తేల్చేద్దాం, అది చిన్నదే. టెలిస్కోపు కంటికి చేసిపెట్టే అసలు పని వెలుగు పోగుచేయడం. ఎనిమిదంగుళాల అద్దం ఉన్న డాబ్సోనియన్, అంటే చెక్క పీఠం మీద చేత్తో తిప్పుకునే సాదా టెలిస్కోపు, ఎఫ్‌ఎస్‌క్యూ కంటే దాదాపు మూడున్నర రెట్లు ఎక్కువ వెలుగు పోగుచేస్తుంది. ధరేమో దానిలో ఎన్నో వంతు. హెర్క్యులిస్ గోళాకార గుచ్ఛం ఎం13ని, అంటే బంతిలా గుమిగూడిన నక్షత్రాల గుంపును, అందులో చూస్తే చుక్కలు విడివిడిగా చిట్లినట్టు కనిపిస్తాయి. నాలుగంగుళాల్లో, లెన్సు ఎంత మేలుజాతిదైనా, అంచుల్లో కాస్త గరుకు తేలిన వెలుగు ముద్దే. మా బావమరిది ఓ చలికాలం రాత్రి నా టెలిస్కోపులో ఓరియన్ నెబ్యులా (వాయుమేఘం) చూసి, "ఇంతేనా బావా? పొగమరకలా ఉంది. నువ్వు వాట్సాప్‌లో పెట్టింది ఎర్రగా ఉందిగా!" అన్నాడు. అతని తప్పేం లేదు. చీకట్లో పనిచేసే మన కంటి కణాలకు ఎరుపు దాదాపు ఆనదు. హైడ్రోజన్ వెలువరించే 656 నానోమీటర్ల ఎరుపు వాటికి లేనట్టే లెక్క. లెన్సు మీద ఎన్ని లక్షలు పోసినా కంటిని మార్చలేం.

రిఫ్రాక్టర్‌లో చూపు అందంగా ఉంటుందన్న మాట మాత్రం నిజం. కృత్తికలు నల్లటి నేపథ్యం మీద సూదిమొనల్లా నిలబడతాయి. చందమామ అంచున ఊదారంగు జాడ ఉండదు. జంట నక్షత్రాలు చూసేవాళ్ళకైతే చెప్పక్కర్లేదు. కానీ ఆ అందం కోసం అయిదు లక్షలు అక్కర్లేదు. ఎఫ్/8 దగ్గర ఉండే, అంటే ఫోకల్ లెంగ్త్ లెన్సు వెడల్పుకు ఎనిమిది రెట్లుండే, మామూలు ఈడీ గ్లాసు (రంగుల్ని తక్కువగా చెదరగొట్టే గాజు) డబ్లెట్, అంటే జంట లెన్సు టెలిస్కోపు, ఆ సుఖంలో తొంభై పాళ్ళు ఇచ్చేస్తుంది. మిగతా పది పాళ్ళ కోసం అప్పు చేసేవాళ్ళు ఉన్నారని తెలుసు. వాళ్ళతో వాదించను.

మరి కెమెరా దగ్గర లెక్క ఎందుకు మారిపోతుంది? ఇక్కడే ఈ గాజు కథలోకి కాస్త దిగాలి.

గాజు ఒక్కో రంగును ఒక్కో మేర వంచుతుంది. నీలం ముందు ఫోకస్ అయితే ఎరుపు ఇంకాస్త వెనక అవుతుంది. దీనికి మందు లేదనుకునే న్యూటన్ 1668లో అద్దంతో టెలిస్కోపు చేసుకున్నాడు. తరవాత రెండు జాతుల గాజును జతచేస్తే రెండు రంగుల్ని ఒకేచోట కలపొచ్చని తేలింది. లండన్‌లో జాన్ డాలండ్ 1758లో దాని మీద పేటెంటు పుచ్చుకున్నాడు. ఆ జంట లెన్సులే అక్రోమాట్‌లు. 1897 నాటి అమెరికాలోని యెర్కిస్ వేధశాల 40 అంగుళాల టెలిస్కోపు దాకా రాజ్యం వాటిదే. అంతకు మించి పెంచడం కుదరలేదు. లెన్సును పట్టుకోగలిగేది అంచుల్లోనే, పెద్దదయ్యేకొద్దీ తన బరువుకు తానే వంగుతుంది.

ఫొటోల విషయంలో అప్పటివాళ్ళు ఓ చక్కని తెలివి ప్రయోగించారు. దాని ఆనవాలు మన హైదరాబాదులోనే ఉంది. నవాబ్ జఫర్ జంగ్ 1901లో మొదలుపెట్టిన నిజామియా వేధశాల తరవాత బేగంపేటకు మారింది. ఆకాశాన్నంతా ఫొటోల్లో పటం గీయాలని 1887లో పారిస్‌లో మొదలైన 'కార్త్ ద్యు సియెల్' అనే అంతర్జాతీయ పథకంలో హైదరాబాదుకూ భాగం దక్కింది. ఖగోళ మధ్యరేఖకు దక్షిణాన 17 నుంచి 23 డిగ్రీల పట్టీ, ఆపైన ఉత్తరాన 36 నుంచి 39 డిగ్రీల పట్టీ మనవాళ్ళ వాటా. కుక్ కంపెనీ చేసిన ఎనిమిదంగుళాల లెన్సు టెలిస్కోపుతో, గాజు పలకల మీద, 1914 మొదలు రెండు దశాబ్దాలకు పైగా ఆ పని సాగింది. ఒక్కో పలక మీది చుక్కలను మైక్రోస్కోపు కింద పెట్టి, వాటి స్థానాలు కొలిచి, పుస్తకాల్లోకి ఎక్కించారు. 2000లో వచ్చిన టైకో-2 జాబితా ఇరవై అయిదు లక్షల నక్షత్రాలు ఎటు, ఎంత వేగంగా కదులుతున్నాయో లెక్కగట్టడానికి పాత స్థానాల కోసం ప్రధానంగా ఆశ్రయించింది ఆ పథకం కొలతలనే. బేగంపేటలో తీసిన పలకలకూ అందులో పాలుంది. విమానాల శబ్దాల మధ్య, ఫ్లైఓవర్ల లైట్ల కింద నలిగిపోయిన ఆ చోటును చూసినప్పుడల్లా మనవాళ్ళు ఈ కథ పిల్లలకు ఎందుకు చెప్పరా అనిపిస్తుంది. సరే.

తెలివి ఏమిటంటే, అప్పటి ఫొటో పలకలకు నీలమే బాగా ఆనేది. కాబట్టి ఈ పథకం లెన్సుల్ని నీలానికే సర్ది చేశారు. మిగతా రంగులు ఎటు పోతే ఏం, పలకకు అవి ఆనవుగా! అదే లెన్సుకు కన్ను పెడితే మసగ్గా ఉంటుంది. కంటి కోసం చేసినవేమో పసుపు, ఆకుపచ్చలకు సర్దేవారు. ఒక్కో లెన్సుకు ఒక్క యజమాని, అందుకే రెండు గాజులతో గడిచిపోయింది.

ఇవాళ మన చేతిలో ఉన్న కెమెరా సెన్సర్ 400 నానోమీటర్ల ఊదా దగ్గర్నుంచి లోతైన ఎరుపు దాకా అన్నీ ఒకేసారి మింగుతుంది. అక్రోమాట్ మీద కెమెరా పెట్టి అభిజిత్ నక్షత్రాన్ని, అదే వేగాను, ఫొటో తీసి చూడండి. కంటికి మచ్చలేని తెల్లని చుక్కగా ఉన్నది ఫొటోలో ఊదారంగు బూరెలా ఉబ్బుతుంది. కన్ను ఆ ఊదాను పట్టించుకోదు. సెన్సర్ పట్టించుకుంటుంది, అదీ గంటల తరబడి కూడబెట్టి మరీ. పాలపుంత మధ్యలో ఉన్న నెబ్యులాను తీస్తే వేల నక్షత్రాలు అలా ఉబ్బి అసలు వస్తువునే కప్పేస్తాయి.

అపోక్రోమాట్ పుట్టింది ఈ చిక్కు విప్పడానికే, కనీసం మూడు రంగుల్ని ఒకేచోటికి తేవడానికి. ఎర్న్‌స్ట్ అబే 1880ల్లో మైక్రోస్కోపుల కోసం ఫ్లోరైట్ స్ఫటికాన్ని వాడి దీనికి దారి చూపాడు. ఇప్పుడు ఆ స్ఫటికాన్ని కొలిమిలో పెంచుతారు, లేదా జపాన్‌కి చెందిన ఒహారా కంపెనీ ఎఫ్‌పీఎల్-53 లాంటి ప్రత్యేకమైన గాజు వాడతారు. ఎఫ్‌ఎస్‌క్యూలో మొదటి రకంలో ఫ్లోరైటే ఉండేది, తరవాతి రకంలో ఈడీ గాజు వచ్చింది. అందులో నాలుగు లెన్సులు: ముందు జంట రంగుల సంగతి చూస్తే, వెనక జంట ఫ్రేము మూలల్లో చుక్కలు సాగిపోకుండా చూస్తుంది. 88 మిల్లీమీటర్ల వలయం మొత్తం వెలుగుతో నింపగలదు. ఫుల్‌ఫ్రేమ్ కెమెరా సెన్సర్ మూల నుంచి మూలకు 43 మిల్లీమీటర్లే. మీరు డబ్బు పోసేది దీనికి: నలుమూలలా గుండ్రంగా, అన్ని రంగుల్లోనూ ఒకే సైజులో ఉండే చుక్కకు.

దీనికీ ఆండ్రోమెడా చాపానికీ సంబంధం ఉంది. పెద్ద టెలిస్కోపులు ఆ చాపాన్ని పట్టలేకపోయింది శక్తి చాలక కాదు. వాటి చూపు ఇరుకు. ఎఫ్‌ఎస్‌క్యూ మీద ఫుల్‌ఫ్రేమ్ సెన్సర్ పెడితే ఒక్క ఫ్రేములో దాదాపు నాలుగు డిగ్రీల ఆకాశం పడుతుంది. గెలాక్సీ మొత్తం, దాని ఊరి పొలిమేరలతో సహా. దాని మీద ఆక్సిజన్ వెలుగును మాత్రమే వదిలే ఫిల్టర్ పెట్టి, రకరకాల ఫిల్టర్లన్నీ కలిపి వంద గంటలకు పైగా కూడబెట్టారు. ఆ వంద గంటలే అసలు విషయం. లెన్సు చేసిందల్లా ఆ గంటల్లో ఏదీ వృథా కాకుండా చూడటం.

వృత్తి శాస్త్రవేత్తలు కూడా మళ్ళీ లెన్సుల వైపు తిరిగి చూసిన సందర్భం ఒకటుంది. రాబర్టో ఏబ్రహాం, పీటర్ వాన్ డోకమ్ న్యూ మెక్సికోలో కానన్ 400 ఎంఎం ఎఫ్/2.8 లెన్సుల్ని, అవే, క్రికెట్ మ్యాచుల్లో బౌండరీ లైన్ దగ్గర కనిపించే తెల్ల ఫిరంగుల్ని, గుత్తిగా కట్టి 'డ్రాగన్‌ఫ్లై' అని పేరు పెట్టారు. 2015లో దాంతో కోమా గెలాక్సీల గుచ్ఛంలో 47 పలచని గెలాక్సీలను వెలికితీశారు. పరిమాణంలో పాలపుంత అంత ఉండొచ్చు, నక్షత్రాలు మాత్రం బహు తక్కువ. అద్దాల టెలిస్కోపులో వెలుగుకు అడ్డంగా రెండో అద్దం, దాన్ని పట్టే కడ్డీలు ఉంటాయి, వాటి వల్ల కాస్త వెలుగు అటూఇటూ చెదురుతుంది. బాగా పలచని వస్తువుల దగ్గర ఆ చెదిరిన వెలుగే కొంప ముంచుతుంది. లెన్సు దారిలో అడ్డేమీ లేదు.

అయినా అద్దాల పక్షాన చెప్పాల్సింది చెప్పాలి. ఎనిమిదంగుళాల ఎఫ్/4 న్యూటోనియన్, అంటే న్యూటన్ తరహా అద్దాల టెలిస్కోపు, చాలా తక్కువ డబ్బుకు చాలా ఎక్కువ వెలుగు ఇస్తుంది. దాంతో అద్భుతమైన ఫొటోలు తీసేవాళ్ళున్నారు. వాళ్ళలో సొంత తోటలోనో, డాబా మీదో శాశ్వతంగా స్తంభం పాతుకున్నవాళ్ళే ఎక్కువని నా గమనిక. నాలా ప్రతిసారీ కారు డిక్కీలో సర్దుకుని ఊరు దాటేవాడికి కథ వేరు. ఎఫ్/4 అద్దాలు వెంట్రుకవాసి కదిలినా చుక్కలు తోకచుక్కలవుతాయి. నల్లమల వైపు స్పీడ్ బ్రేకర్లూ గుంతలూ దాటి చేరాక, చీకట్లో స్క్రూలు తిప్పుతూ అద్దాలు సరిచేసుకోవడంతో రాత్రిలో మంచి భాగం పోతుంది. గాలి వీస్తే పెద్ద గొట్టం తెరచాపలా ఊగుతుంది. రిఫ్రాక్టర్‌ని డిక్కీలోంచి తీసి బిగిస్తే చాలు. మన దగ్గర ఆకాశం శుభ్రంగా ఉండేది వానలు వెనకబట్టాక, నవంబరు నుంచి మార్చి దాకా. అందులోంచి వెన్నెల రాత్రులు తీసేయండి, మబ్బు పట్టినవి తీసేయండి, ఆఫీసు ఉన్నవి తీసేయండి. మిగిలిన ఆ కాసిని రాత్రుల్లో పరికరంతో కుస్తీ పట్టే ఓపిక నాకు లేదు.

ఇప్పుడు ఎవరికీ రుచించని భాగం. అయిదు లక్షల లెన్సును పాతికవేల మౌంట్ మీద పెడితే వచ్చేది పాతికవేల ఫొటోనే.

లెక్క చూడండి. 3.76 మైక్రాన్ల పిక్సెళ్ళున్న ఇప్పటి కెమెరాను 530 మిల్లీమీటర్ల ఫోకల్ లెంగ్త్‌కు తగిలిస్తే ఒక్కో పిక్సెల్‌కి 1.46 ఆర్క్‌సెకన్ల ఆకాశం పడుతుంది (డిగ్రీలో 3600వ వంతు ఒక ఆర్క్‌సెకను). భూమి తిరుగుడుకు ఎదురు తిరుగుతూ మౌంట్ చుక్కను ఆ పిక్సెల్ మీదే నిమిషాల తరబడి నిలబెట్టాలి. చవక మౌంట్ గేర్లలో ఇరవై ఆర్క్‌సెకన్ల ఊగిసలాట మామూలే. అంటే చుక్క దాదాపు పద్నాలుగు పిక్సెళ్ళ మేర గీతై సాగుతుంది. ఫ్లోరైట్ పెట్టినా సోడా గాజు పెట్టినా ఆ గీత గీతే. గైడింగ్ కెమెరా (ఓ చుక్కను గమనిస్తూ మౌంట్‌ను సరిచేసేది) పెట్టి సరిదిద్దొచ్చు, అదైనా మౌంట్ మాట వింటేనే.

పైగా మనం ఉన్న అక్షాంశం తెచ్చే తంటా ఒకటుంది. హైదరాబాదులో ధ్రువ నక్షత్రం దిగంతానికి పదిహేడు డిగ్రీల పైన మాత్రమే ఉంటుంది. పోలార్ అలైన్‌మెంట్, అంటే మౌంట్ ఇరుసును ధ్రువం వైపు సరిగ్గా గురిపెట్టడం, చేయాలంటే నేల మీద మోకాళ్ళేసి, మెడ వంచి, కిందనుంచి పైకి చూడాలి. అప్పుడు కనపడేది సాధారణంగా ఎదురింటి వాటర్ ట్యాంకు. యూరప్ వాళ్ళను దృష్టిలో పెట్టుకుని చేసిన కొన్ని మౌంట్‌లను ఇంత కిందికి వంచితే బరువుల కడ్డీ ట్రైపాడ్ కాలికి తగులుతుంది. కొనేముందు ఇది అడిగి తెలుసుకోండి, అమ్మేవాళ్ళు తమంతట తాము చెప్పరు. ఇన్ని తంటాలకు ప్రతిఫలంగా మనకు దక్షిణాకాశం దొరుకుతుంది. జర్మనీ వాడికి జన్మలో సొంతూరి నుంచి కనపడని ఒమేగా సెంటారి గోళాకార గుచ్ఛం మనకు వేసవి రాత్రుల్లో పాతిక డిగ్రీల ఎత్తుకు వస్తుంది.

మౌంట్ తరవాత ఆకాశం. ఊరి మధ్య ఆకాశానికీ, ఓ మోస్తరు చీకటి పల్లెకూ మూడు మాగ్నిట్యూడ్‌ల (ఖగోళంలో వెలుగును కొలిచే మెట్లు) తేడా సులభంగా ఉంటుంది. వెలుగులో అది దాదాపు పదహారు రెట్లు. గెలాక్సీల్లాంటి వాటిని తీసేటప్పుడు పల్లెలో ఒక్క గంటలో వచ్చే నాణ్యతకు సిటీలో పదహారు గంటలు కావాలి. ప్రపంచంలో ఏ లెన్సూ ఈ పదహారు రెట్లు ఇవ్వదు. నాగర్‌కర్నూలు దాకా వెళ్ళొచ్చే పెట్రోలు ఇస్తుంది. హైడ్రోజన్, ఆక్సిజన్ వెలుగులను మాత్రమే వదిలే ఫిల్టర్లతో టెర్రస్ మీదనుంచే నెబ్యులాలు తీయొచ్చు, నేనూ తీస్తాను. కానీ గెలాక్సీ వెలుగు అన్ని రంగుల్లోనూ పరుచుకుని ఉంటుంది, దానికి ఆ కిటుకు పనిచేయదు.

ఇంకా కొన్ని ఖర్చులకు ఎవరూ లెక్క వేసుకోరు. ఎఫ్/5 దగ్గర సరైన ఫోకస్ ఉండే మేర మిల్లీమీటరులో పదిహేనో వంతు. సాయంత్రం నుంచి తెల్లవారుజాముకు పది డిగ్రీల చలి దిగితే అల్యూమినియం గొట్టం దాదాపు 0.12 మిల్లీమీటర్లు కుంచించుకుపోతుంది. అంటే రాత్రంతా ఫోకస్‌ను సరిదిద్దే మోటారు కావాలి. డిసెంబరు మంచుకు లెన్సు చెమర్చకుండా ముందు హీటర్ పట్టీ, వాటన్నిటికీ కరెంటుకు బ్యాటరీ. ఇవన్నీ అయ్యాక కూడా గురుగ్రహాన్ని తీస్తే ముప్ఫై పిక్సెళ్ళ బొట్టు కంటే పెద్దగా రాదు. గ్రహాల పిచ్చి ఉన్నవాళ్ళు ఈ దారికి రాకూడదు, పెద్ద అద్దం కొనుక్కోవాలి.

అందుకే నన్ను అడిగేవాళ్ళలో ఎక్కువమందికి నేను చెప్పేది సీస్టార్ ఎస్50 అనే చిన్న స్మార్ట్ టెలిస్కోపు గురించి. 50 మిల్లీమీటర్ల లెన్సు, 250 ఫోకల్ లెంగ్త్, కెమెరా, మౌంట్ అన్నీ ఒకే డబ్బాలో. ఫోన్‌లో వస్తువు పేరు నొక్కితే తానే వెతుక్కుని, తానే ఫోటోలు పేర్చుకుంటుంది. అందులోనూ ఉన్నది మూడు లెన్సుల అపోక్రోమాటే. పాతకాలపు వాళ్ళు కొందరు దీన్ని చూసి మూతి ముడుస్తారు. ముడవనీయండి. ఏడాది పాటు దాన్ని వాడి, ఇంకా ఆకలి తీరనివాడు మంచి మౌంట్ కొనాలి. ఆ మౌంట్ మీద మామూలు ఈడీ డబ్లెట్‌తో ఒక చలికాలం గడిపి, తన ఫొటోల మూలల్లో చుక్కలు ఎందుకు సాగుతున్నాయో తనే వేలు పెట్టి చూపించగలిగిన రోజున, అయిదు లక్షల గొట్టం గురించి మాట్లాడొచ్చు. అప్పుడు నేనే ప్రోత్సహిస్తాను, వాళ్ళావిడ దగ్గర మాట సాయం కూడా చేస్తాను.

కొత్తదే కొనక్కర్లేదు. పేరున్న రిఫ్రాక్టర్లు ఏళ్ళు గడిచినా ధర పెద్దగా కోల్పోవు. అమెరికాలో రోలండ్ క్రిస్టెన్ కంపెనీ ఆస్ట్రో-ఫిజిక్స్ లెన్సుల కోసం జనం ఏళ్ళ తరబడి వెయిటింగ్ లిస్టులో ఉన్న రోజులున్నాయి. మన దగ్గరా చేతులు మారుతుంటాయి. అలాంటిది చూడటానికి వెళితే రెండు పనులు చేయండి. రాత్రిపూట ఓ ప్రకాశవంతమైన నక్షత్రం మీద పెట్టి, ఫోకస్‌కు కాస్త ముందు, కాస్త వెనక వలయాలు ఎలా ఉన్నాయో చూడండి. రెండు వైపులా ఒకేలా, గుండ్రంగా ఉండాలి. ఒకవైపు నొక్కుకుపోతే ఎక్కడో కింద పడిందని అనుమానించాలి. రెండోది పగలే చేయొచ్చు: ముందు లెన్సు మీద టార్చి ఏటవాలుగా వేసి లోపలికి చూడండి. దుమ్ము రేణువులుంటే బెంగ లేదు, అవి ఫొటోను ఏమీ చేయవు. సాలెగూడులా సన్నటి దారాలు పాకి ఉంటే మాత్రం ఫంగస్. విశాఖ, కాకినాడ లాంటి తీరం ఊళ్ళలో పెట్టెలో మూసి ఉంచిన లెన్సులకు అది త్వరగా పడుతుంది, పూత దాకా తినేశాక తుడిచినా పోదు. ధర ఎంత తగ్గిస్తానన్నా నమస్కారం పెట్టి వచ్చేయండి.